ఎవరి ఊరి కోతులు

ఆ ఊళ్ళో అడుగుపెట్టిన మూడో రోజుకే ముప్పై ఎనిమిది కోతులకు నన్ను జవాబుదారీ చేసేశారు.

నేను వెళ్ళింది వాటిని చూడడానికి. కోతులు గుంపుగా ఎట్లా బతుకుతాయి, ఏది దేని పక్కన కూర్చుంటుంది, ఏది దేనికి పేలు చూస్తుంది, కొట్లాట అయినాక ముందుగా రాజీకి వచ్చేది ఏది, ఇదీ నా పరిశోధన. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, బొగ్గుబావి కార్మికుల క్వార్టర్స్‌లో. జువాలజీలో పీజీ చేసి, నాలుగేళ్ళు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, ముప్పై దాటినాక పీహెచ్‌డీలో చేరాను. అశ్వారావుపేట దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరిని ఎంచుకున్నాను. ఊరికి ఒక పక్క పామాయిల్ తోటలు, ఇంకో పక్క అడవి, మధ్యలో రోడ్డు. భద్రాచలం పోయేవాళ్ళు ఆ రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు, చిప్స్ ప్యాకెట్లు వేస్తారు. ఒకే గుంపు తోటలోనూ, అడవిలోనూ, రోడ్డు మీదా తిరుగుతుంది కాబట్టి ఇంతకన్నా మంచి చోటు దొరకదని మా గైడ్ అన్నారు. ఆయన ఆ మాట హైదరాబాదులో కూర్చుని అన్నారు.

నాకు గది అద్దెకిచ్చింది ఒక దర్జీ ఆమె. యాభై దాటిన ముస్లిం మనిషి. ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళు, నాకూ అదే అలవాటయింది. కిరాయి మాట్లాడుకునేటప్పుడే అడిగింది.

"ఏం నౌకరీ బిడ్డా?"

"కోతుల మీద చదువుతున్న ఖాలా."

"పట్టుకపోతవా?"

"లేదు. చూస్త."

"చూసి?"

"రాసుకుంట."

"మీ ఇంట్ల ఎవలూ ఏమనలేదా?" అంది.

మూడో రోజు పొద్దున్నే ఒక రైతు వచ్చాడు. వాళ్ళ తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడ భూమి కొనుక్కున్న కుటుంబం. పామాయిల్ చెట్ల మధ్య నీడలో కోకో వేశాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కొరికిన కోకో కాయలు.

"మేడం గారూ, మీ కోతులు చేసిన పని చూడండి."

"అవి నా కోతులు కాదండీ."

"మరి మీరు వాటి మీదే కదండీ వచ్చింది?"

"అవ్, కానీ..."

"అదేనండి. వాటి మీద వచ్చినోళ్ళే వాటికి బాధ్యులు."

పంచాయతీరాజ్ మీద వచ్చినాయన రోడ్డుకు బాధ్యుడు, కరెంటు మీద వచ్చినాయన వైరుకు బాధ్యుడు, అట్లాగే నేను. ఆయన లెక్కలో తప్పు పట్టడానికి నాకు చోటు దొరకలేదు. కవరు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వారానికి రెండు కవర్లు. ఒకసారి "కోతుల ఆఫీసర్ గారికి" అని రాసి ఇరవై మంది సంతకాలు పెట్టిన దరఖాస్తు తెచ్చాడు. నాకు ఆఫీసే లేదని మొత్తుకున్నాను. "లేకపోతే పైకి ఫార్వర్డ్ చేయండి" అన్నాడు. నా పైన మా గైడ్ తప్ప ఎవరూ లేరు. ఆయనేమో వారం వారం డేటా ఎంతవరకు వచ్చిందని అడుగుతారు.

డేటా అంటే ఏంటో కూడా చెప్పాలి. మొదటి రెండు నెలలు గుర్తులు పట్టడమే సరిపోయింది. ఒకదాని తోక చివర వంకర, ఒకదాని పెదవి మీద మచ్చ, ఒకదానికి ఎడమ చేతి వేలు లేదు. అన్నిటికన్నా పెద్దది ఒక ముసలి ఆడకోతి. దాని కుడి చెవి సగం తెగి ఉండేది. అది లేస్తే గుంపు లేచేది, అది కూర్చుంటే కూర్చునేది. నోట్‌బుక్‌లో దానికి నేనిచ్చింది ఒక నెంబరు. మనసులో మాత్రం చెవితెగింది అనే అనుకునేదాన్ని. పది నిమిషాలకోసారి ఏది దేనికి ఎంత దూరంలో ఉందో రాయాలి. ఎండలో, దోమల్లో, కదలకుండా.

ఒకరోజు చెవితెగిందీ, దాని చెల్లెలు వరస ఇంకోటీ గట్టిగా కరుచుకున్నాయి. మళ్ళీ ఎప్పుడు దగ్గరవుతాయో చూడాలని రెండు గంటలు కల్వర్టు మీద కూర్చున్నాను. చెల్లెలు జరుగుకుంటూ జరుగుకుంటూ వచ్చింది. చెవితెగింది వీపు తిప్పి కూర్చుంది, అంటే పేలు చూడమని. అది చెయ్యి చాచింది. అప్పుడే ఒక కారు ఆగి, అద్దం దిగి, చిప్స్ ప్యాకెట్ సరిగ్గా ఆ రెంటి మధ్యలో పడింది. రాజీ లేదు, పేలు లేవు, గుంపంతా కలిసి కొట్టుకుంది. నేను లేచి ఆ కారు మీద అరిచాను.

లోపలున్న పెద్దమనిషి శాంతంగా అన్నాడు. "హనుమంతునికి పెడితే నీకేంది తల్లీ నొప్పి?"

ఖాలాకు మాత్రం సాయంత్రాలు నా కబుర్లు కావాలి. మిషన్ తొక్కుతూ అడిగేది. ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయని, తల్లి, బిడ్డ, మనవరాలు ఒక జట్టని, మగవి ఎదిగినాక వేరే గుంపుకు వెళ్ళిపోతాయని చెప్పాను.

"అంటే అల్లుళ్ళంత ఇల్లరికమే."

"అట్లనే అనుకో."

"తల్లి పెద్దదైతే బిడ్డకు గూడ ఇజ్జత్ ఉంటదా?"

"ఉంటది. తల్లి హోదానే బిడ్డకొస్తది."

"మంచి రివాజే" అని పళ్ళతో దారం కొరికింది.

ఆ మంచి రివాజు గల జాతిలోంచే ఒకటి, చెవితెగిందాని పెద్ద కూతురు, తర్వాతి వారం కిటికీలోంచి చెయ్యి పెట్టి పెళ్ళికూతురి జాకెట్ ఒకటి గుంజుకుని పెంకుల మీదికి ఎక్కింది. ఆ జాకెట్‌ను అది మిగతావాటికి చూపిస్తుందా, దాస్తుందా అని నేను టైమ్ చూసి రాసుకుంటున్నాను. ఖాలా వాకిట్లోకి వచ్చి నెత్తి కొట్టుకుంది. "రాసుడు బంద్ చేసి గుంజుకరా! పెండ్లి ఎల్లుండి!" అప్పటికి జాకెట్‌కు ఒక చెయ్యి ఊడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున అరుపులకు మెలకువ వచ్చింది. కోతుల అరుపుల్లో తేడా అప్పటికి నాకు తెలుసు. అది కొట్లాట అరుపు కాదు. ఉరుకుతూ వెళ్ళేసరికి రోడ్డు పక్కన పెద్ద ఇనుప బోను, బోను నిండా పల్లీలు, అరటిపండ్లు, వాటి మధ్య కోతులు. ఊరివాళ్ళు చందాలేసుకుని కోతులు పట్టేవాళ్ళను పిలిపించారు. నాకు తప్ప అందరికీ తెలుసు.

"మీరు బాధపడతారని చెప్పలేదండి" అన్నాడు రైతు. నిజంగానే నొచ్చుకుంటున్న మొహంతో అన్నాడు, అదే నాకు ఇంకా మండింది.

గుంపులో పెద్దవే ముందు తింటాయి, చిన్నవి వాటి తర్వాత. అందుకని బోనులోకి ముందు దూరింది పెద్దవే. చెవితెగింది ఒక మూల కడ్డీలు పట్టుకుని కూర్చుంది. దాని కూతుళ్ళు దాని వెనక. మొత్తం పంతొమ్మిది. బయట రేకుల మీద రెండు పాలుతాగే పిల్లలు గొంతు చించుకుంటున్నాయి.

"అన్నా, ఆ పిల్లల తల్లులు లోపల ఉన్నయి. కలపండి" అన్నాను బోను మనిషితో.

"ఏ తల్లి ఏ పిల్లదో మాకెట్ల ఎరుక?"

"నాకెరుక."

నవ్వాడు గానీ, మంచివాడే. తలుపు కాస్త ఎత్తి పట్టుకున్నాడు. పిల్లల దగ్గరికి నేనే పోయాను. ఒకటి తల్లి గొంతు విని బోను దాకా వచ్చి లోపలికి జారింది. రెండోది నన్ను చూసి బెదిరి స్తంభం ఎక్కింది. అరగంట బతిమాలాను, కోతిని, కోతులోళ్ళను, ఊరివాళ్ళను. వ్యాన్ వెళ్ళిపోయింది. ఎక్కడికని అడిగితే "దూరం అడవిల ఇడుస్తం" అన్నారు. ఆ రెండో పిల్లను నాలుగో రోజు కల్వర్టు కింద చూశాను, ప్రాణం లేదు.

గైడ్‌కు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆయన, "ఇంట్రెస్టింగ్. దీన్ని ఒక చాప్టర్ చేయొచ్చు" అన్నారు.

మిగిలిన సగం గుంపు గుంపులాగా లేకుండా పోయింది. ఎండాకాలంలో తునికి పండ్లు పండే చోటుకు చెవితెగింది వాటిని నడిపించుకు పోతుందని, అప్పుడు నెల రోజులు కోతుల ఊసే ఉండదని ఊళ్ళో ముసలివాళ్ళే నాకు చెప్పారు. ఈసారి ఎవరూ నడిపించలేదు. అన్నీ రోడ్డు మీద, ఇళ్ళ కప్పుల మీద కూర్చున్నాయి. కోకో కాయలు ఎప్పటికన్నా ఎక్కువ పోయాయి.

"సగం పంపించేసినా నష్టం తగ్గలేదేంటండీ?" అన్నాడు రైతు.

దారి తెలిసిన ముసలిది పోయింది కాబట్టి మిగతావి అడవికి పోవడం లేదని అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆయన మొదటిసారి మధ్యలో అడ్డుపడకుండా, శ్రద్ధగా, ఆఖరుదాకా విన్నాడు. నాకు ఆశ పుట్టింది.

"అయితే మిగతా సగం కూడా పంపించేద్దాం" అన్నాడు.

జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున లెక్కపెడితే పదిహేడు ఉండాల్సినవి నలభైకి పైన వచ్చాయి. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూశాను. ఇవి నాకు తెలిసిన మొహాలు కావు. పద్ధతి కూడా వేరు. మా కోతులు మనిషిని చూస్తే రెండడుగులు వెనక్కి వేస్తాయి. ఇవి గొళ్ళెం తీస్తాయి, నల్లా తిప్పుతాయి, ఖాలా చేతిలోంచి రొట్టె తీసుకుని ఆమె ముందే కూర్చుని తిన్నాయి. పాతవీ కొత్తవీ నడి రోడ్డు మీద కరుచుకుంటుంటే రెండు రోజులు బస్సులు హారన్ కొట్టుకుంటూ నిలబడ్డాయి.

రైతే కూపీ లాగాడు. సత్తుపల్లి వైపు ఒక ఊరివాళ్ళు కూడా అదే మనుషుల చేత కోతుల్ని పట్టించారు. వాటిని తెచ్చి మా పక్క అడవిలో వదిలారు. మావాటిని తీసుకెళ్ళి వాళ్ళ పక్క చెట్లలో వదిలారు. వ్యాన్ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఖాళీగా తిరగలేదు.

రెండు ఊళ్ళ పెద్దలు ఒక ఆదివారం మా ఊరి స్కూల్ వరండాలో కూర్చున్నారు. రైతు నన్ను పిలవడానికి వచ్చాడు. చేతిలో కవరు లేదు. "మేడం గారూ, మీరు రావాలండి. సాక్ష్యం చెప్పాలి. ఏవి మనవో ఏవి కావో మీకు తప్ప ఎవరికీ తెలీదు." ఏడు నెలల్లో నా చదువుకు అక్కడ దొరికిన మొదటి గౌరవం అది. నోట్‌బుక్కులు, ఫోటోలు పట్టుకుని వెళ్ళాను.

అవతలి ఊరి పెద్దాయన తెల్ల చొక్కా, గట్టి గొంతు. "కోతి నుదుటి మీద ఊరి పేరు రాసుంటుందా అమ్మా? అడవిలోంచి వస్తాయి, అడవిలోకి పోతాయి. మావేనని ఎట్టా చెప్తావ్?"

ఒక్కో ఫోటో తీసి గుర్తులు చెప్పాను. తోక వంకర, పెదవి మచ్చ, వేలు లేనిది. "ఇవి మా గుంపు. ఇప్పుడు ఊళ్ళో తిరిగేటియి ఇందులో సగం కూడ కావు" అన్నాను. మా గుంపు అనడం నాకే వినిపించింది. రైతు అందరి వైపూ గర్వంగా చూశాడు.

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటోలు తిప్పుతూ ఒక దగ్గర ఆగాడు. "ఆగాగు. ఈ చెవి తెగింది... ఇది మా ఊరి వాటర్ ట్యాంక్ మీదే కదా కూర్చుంటంది రెండు నెలల్నుంచి!" అని, ఆ మాటతోనే తను ఏం ఒప్పుకున్నాడో తెలిసి, గొంతు పెంచాడు. "అయితే అవి మీవే. తీసుకుపొండి!"

"ముందు మీవి తీసుకుపొండి!" అన్నాడు రైతు.

వరండా అంతా లేచింది. నాకు ఆ గొడవ చెవికెక్కలేదు. ముసలిది బతికే ఉంది. నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగాను. "ట్యాంక్ మీద దాని పక్కన ఏది కూర్చుంటంది? పిల్లలున్నయా దగ్గర? మీ ఊరి కోతులు దాన్ని రానిస్తున్నయా?"

అరుస్తున్నవాళ్ళంతా ఆపి నన్ను చూశారు. "ఈమెకి పిచ్చేమోనండీ" అన్నాడు ఆయన, కోపం కూడా మర్చిపోయి.

టీలు వచ్చాక రాజీ కుదిరింది. రెండు ఊళ్ళవీ పట్టించి, వాగు అవతల లోపలి అడవిలో వదిలించాలని.

"అక్కడ గూడెం ఉంది" అన్నాను. "వాళ్ళూ మక్కజొన్న వేసుకుంటరు."

"అది అడవే కదండీ" అన్నాడు రైతు.

"అడవైతే అక్కడోళ్ళు తిండి తినరా? వాళ్ళనెవరన్నా అడిగిన్రా?"

వరండాలో గూడెం మనిషి ఒక్కరూ లేరు. ఒకాయన టీలో చక్కెర తక్కువైందన్నాడు. కాగితం రాసి అందరూ సంతకాలు పెట్టి నా ముందుకు తోశారు, సాక్షిగా పెట్టమని. నేను పెట్టలేదు. రైతు బాగా నొచ్చుకున్నాడు. ఇంటిదాకా నా వెంటే నడిచి, గేటు దగ్గర అన్నాడు. "మీరు కోతులకీ పనికిరారు, మనుషులకీ పనికిరారండి మేడం గారూ." ఖాలా మిషన్ దగ్గర్నుంచే విని, "ఈమె మా ఇంట్ల కిరాయికుంది, తిట్టాల్నంటే మేమే తిడ్తం, నువ్వు పో" అని ఆయన్ను పంపించింది.

జులైలో వ్యాన్ మూడుసార్లు తిరిగింది. సెప్టెంబరులో దారి కాస్త ఆరినాక బండి మీద వాగు దాటి వెళ్ళాను. గూడెం చివర మక్కజొన్న చేను, కంకి పాలు పట్టి ఉంది. చేను మధ్యలో మంచె, మంచె మీద నలభై ఏళ్ళ మనిషి ఒకామె, చేతిలో ఒడిసెల. నా మెడలో బైనాక్యులర్ చూసి పైనుంచే అడిగింది.

"కోతుల్ని తెచ్చి ఇడిసింది మీరేనా?"

కాదని మొదలుపెట్టబోయాను. నేను తేలేదు, నేను ఆఫీసర్‌ను కాను, అవి నావి కావు. అప్పటికి ఎన్ని వందల సార్లు చెప్పానో. ఆ ఎండలో ఆ మాటలు ఇక నోటికి రాలేదు. "తెచ్చిన ఊళ్ళనుంచే వచ్చిన" అన్నాను.

కిందున్న కోడలితో వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. తిట్టేనని అర్థమయింది. తర్వాత, "ఎక్కు. నాకు చెయ్యి గుంజుతంది" అంది.

మధ్యాహ్నం లోపల నాలుగుసార్లు వచ్చాయి. నా చేతిలో ఒడిసెల రాయి ముందుకు పోకుండా వెనక చేలోకే పోయింది, ఆమె నవ్వి చేతులతో చప్పుడు చెయ్యమంది. రెండు ఊళ్ళవీ కలిసిపోయిన గుంపులో చెవితెగిందాని కోసం వెతికాను, కనబడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ కనబడలేదు. దాని పెద్ద కూతురు మాత్రం ఉంది. జాకెట్ దొంగ. అది కూర్చున్న చోట కొత్త ఊరి కోతి ఒకటి దాని వీపు మీద పేలు చూస్తోంది.

ఎండ వాలినాక కోతులు వెనక్కి మళ్ళాయి. అవి పోయిన దిక్కు చూస్తూ ఆమె అడిగింది. "రేత్రికి ఇవి ఏడ పండుకుంటయి? రోజుకో చెట్టా, ఒకటే చెట్టా?"

నేను తిరిగి ఆమె మొహం చూశాను. పది నెలల్లో ఖాలా తప్ప ఎవరూ నన్ను ఇట్లాంటిది అడగలేదు. నా చదువుతో జవాబు దొరికే ప్రశ్న.

"చూడాలె" అన్నాను. "రెండు మూడు దినాలు చూస్తే తెలుస్తది. మా ఊరి దగ్గరైతే నెలలో ఎక్కువ దినాలు అవే చెట్లు."

మూడు సాయంత్రాలు, మూడు తెల్లవారుజాములు ఇద్దరం వాగు ఒడ్డున నక్కి కూర్చున్నాం. అవే మద్దిచెట్లు. దిగేది కూడా ఒకే పక్కనుంచి. పెద్ద కూతురు ముందు దిగి, బండ మీద కూర్చుని చేను వైపు చూసేది. అది కదిలినాకే మిగతావి కదిలేవి.

"ముందొచ్చేదాన్ని ఆడనే బెదిరిస్తే?"

"కాసేపు ఆగుతయి అన్నీ. మొత్తానికి ఆగవు."

"కాసేపు చాలు" అంది. "ఆకలైతది, ఇంకోటి చూసుకుంటయి."

మర్నాడు నేను వెళ్ళేసరికి మంచె చేను మధ్యలో లేదు. అత్తాకోడళ్ళిద్దరూ గుంజలు పీకి వాగు పక్కకు మార్చేశారు. పెద్ద కూతురు దిగింది, బండ మీద కూర్చుంది, ఎదురుగా మంచె చూసింది. రాయి దాని ముందు పడింది. చాలాసేపు అట్లాగే కూర్చుని, లేచి, వాగు వెంబడి కిందికి మేడిచెట్ల వైపు నడిచింది. గుంపంతా దాని వెనక వెళ్ళింది. నేను టైమ్ రాసుకున్నాను. ఆమె మంచె దిగి కంకులు చూసుకుంటూ చేలోకి వెళ్ళింది.

వారం తిరక్కుండానే తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. గుట్ట ఎక్కి సిగ్నల్ పట్టుకుని చేసినట్టుంది, గాలి చప్పుడు.

"మేడం, చెట్టు మార్చినయి. ఇంకో దిక్కు నుంచి దిగుతున్నయి. నీ లెక్క తప్పింది, జల్దీ రా."

ముందు రోజంతా వాన. వాగు దారి బురద. బండి రెండుసార్లు పడేసి, కోతుల్నీ, గైడ్‌నూ, రెండు ఊళ్ళ పెద్దల్నీ వరసపెట్టి తిట్టుకుంటూ మధ్యాహ్నానికి చేరాను. ఆమె చేను గట్టు మీద నిలబడి ఉంది. కొత్త చెట్టు దిక్కు చూపించి ముందు నడిచింది, నేను వెనక.